వజ్దీ పేరున ఎవరో

కిందటి వారం మనం దలెండాను, కెర్కెన్నా దీవిలో ఆమె పాఠాలు చెప్పే రమ్లా హైస్కూలు కంప్యూటర్ గదిలో, ఒక తెర ముందు వదిలి వచ్చాం. ఆ తెర మీద ఉన్నది ఆమె అన్న వజ్దీ పేరు. వజ్దీ విప్లవం జరిగిన ఏడాది వసంతంలో ఇటలీకి దొంగ పడవ ఎక్కాడు. ఆ పడవ ఎక్కడా ఒడ్డుకు చేరలేదు. ఏడేళ్ళయింది. అతని పేరు మీద చివరిసారిగా పని జరిగింది మాత్రం ఈ ఏడాది ఫిబ్రవరిలో.

నిజానికి మొదట్లో ఈ వ్యవహారంలో అన్న ఊసే లేదు. బడిలోని ఇరవై రెండు కంప్యూటర్లలో ఉన్న సిస్టమ్‌కు గడువు తీరిపోయింది. కొత్తగా కొనాలంటే కంపెనీ చెప్పిన ధర విని హెడ్మాస్టర్ షెద్లీగారికి కోపం బదులు నవ్వొచ్చింది. "ఆ డబ్బుతో బడి కప్పంతా తిరగేయించి, మిగిలితే నా పళ్ళు కూడా కట్టించుకోవచ్చు తల్లీ" అన్నారు. పోనీ ఎలాగో కొన్నా, ఆ కొత్త సిస్టమ్ ఈ ముసలి యంత్రాల్లో కదలదు. యంత్రాలూ మార్చాలి. అప్పుడు దలెండా సముద్రం దాటి స్ఫాక్స్ నగరానికి వెళ్ళి, అన్న స్నేహితుడు ముంధిర్ దుకాణం నుంచి లైనక్స్ తెచ్చింది. అది ఎవరికీ రుసుము కట్టక్కర్లేని సిస్టమ్. ఎన్ని కంప్యూటర్లలోనైనా ఎక్కించుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మన మాటల్లోకి మార్చుకోవచ్చు. ముంధిర్ బృందం దాన్ని దీవుల బడుల కోసమే కెర్కెన్నా యాసలోకి దించింది. "ఊరికే దొరికితే వెనిగర్ కూడా తేనెకన్నా తీపే" అంటూ షెద్లీగారు అనుమానంగానే ఒప్పుకున్నారు. రెండు రోజుల్లో, చచ్చాయనుకున్న కంప్యూటర్లు ఒక్కొక్కటీ లేచి కూర్చున్నాయి.

నాలుగో రోజు ప్రింటర్ తగిలించింది. అందులో కాగితం అయిపోయినప్పుడు తెర మీద ఒక వాక్యం వచ్చింది.

"కాస్త ఆగు, వల ఇంకా తడిగానే ఉంది."

అది వాళ్ళ నాన్న అమ్మర్ మాట. అన్నం ఎప్పుడని అడిగినా, కొత్త చెప్పులు ఎప్పుడని అడిగినా ఆయన ఇచ్చే జవాబు అదొక్కటే. ఆయన పోయి పదిహేనేళ్ళయింది. ఆ మాట వాళ్ళింట్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. దాన్ని ఎవరు పెట్టారో చూద్దామని ఇంటర్నెట్‌లో యాసలోకి మార్చినవాళ్ళ పేజీ తెరిస్తే, వజ్దీ పేరూ, దాని పక్కన ఫిబ్రవరి తేదీ కనిపించాయి.

*

ఈ సంగతి అమ్మకు చెప్పకూడదనే అనుకుంది దలెండా. కానీ రమ్లా లాంటి ఊళ్ళో రహస్యం ఎంతసేపు నిలుస్తుంది? బుధవారం పొద్దున్న రెండో గంట కొట్టేసరికి మబ్రూకా బడి గుమ్మంలో నిలబడి ఉంది. పిండి అంటిన చేతులు కడుక్కోకుండానే వచ్చేసింది.

"ఏదీ, చూపించు" అంది.

"అమ్మా, ముందు కూర్చో. నేను చెప్పేది..."

"నువ్వు చెప్పేది ఇంటికెళ్ళాక వింటా. వాడు చెప్పేది చూపించు."

దలెండా ప్రింటర్‌లోంచి కాగితాలు తీసేసింది. వాక్యం వచ్చింది. చదివి వినిపించింది. మబ్రూకాకు చదువు రాదు. తెర మీది అక్షరాలను వేలితో తడుముతూ, కళ్ళు మూసుకుని వింది.

"మళ్ళీ."

కాగితం పెట్టి తీసింది. మళ్ళీ చదివింది. ఎన్నిసార్లు చదివిందో దలెండాకు గుర్తు లేదు. చివరికి పిల్లలు కూడా గోల మాని వినడం మొదలుపెట్టారు. గదిలో ఎవరో మూడో మనిషి వచ్చి నిలబడ్డట్టు అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు.

"ఇది వాడు ఎప్పుడో రాసి పెట్టింది కావచ్చమ్మా. పోకముందు."

"ఫిబ్రవరి అన్నావంట కదే? చచ్చినవాడు మొన్న ఫిబ్రవరిలో ఎట్లా రాస్తాడు?" మబ్రూకా లేచి కొంగు సర్దుకుంది. "సముద్రానికి అక్షరాలు రావు. నా కొడుక్కి వచ్చు."

ఏడేళ్ళుగా ఆ ఇంట్లో చేప వండలేదు. నాలుగు వైపులా సముద్రం ఉన్న దీవిలో, చేపలు పట్టేవాడి పెళ్ళాం అయ్యుండి, మబ్రూకా చేప ముట్టదు. ఎందుకని ఊళ్ళో ఎవరూ అడగరు. ఈ తీరంలో ఇట్లాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వలల్లో అప్పుడప్పుడూ బూటు ఒకటి పడుతుంది. దాన్ని జాలరులు పారేయరు. రేవులో గోడ మీద పెడతారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి చూసి, తమది కాదనుకుని వెళ్తారు. మబ్రూకా కూడా ఏడేళ్ళలో ఎన్నిసార్లు ఆ గోడ దాకా వెళ్ళి వచ్చిందో.

చివరికి ఈ మధ్యే, రంజాన్ వచ్చేలోపల, శవం లేకపోయినా, వజ్దీకి చనిపోయినవాళ్ళ కోసం చదివే జనాజా నమాజు చదివించడానికి ఆమె ఒప్పుకుంది. ఇమామ్ శుక్రవారం అన్నాడు. బడి నుంచి బయటికొచ్చిన మబ్రూకా ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా మసీదుకు వెళ్ళి, బతికున్నవాడికి అట్లాంటి నమాజు చదవడం పాపమని ఇమామ్‌కే చెప్పి వచ్చింది. మధ్యాహ్నం దలెండా ఇల్లు చేరేసరికి డాబా మీద వజ్దీ పరుపు ఎండలో పరిచి ఉంది. ఉన్ని పరుపు. నడుమ ఇంకా మనిషి పడుకున్నంత మేర గుంట పడి ఉంది.

దలెండా ఆ గుంట వైపు చూడలేక కిందికి దిగి వచ్చింది.

*

గురువారం తొలి ఫెర్రీకే ఆమె స్ఫాక్స్ బయలుదేరింది. గాలి గట్టిగా ఉంది. పడవ పక్కగా, లోతు లేని నీళ్ళలో, ఖర్జూరపు మట్టలతో కట్టిన, చేపలు పట్టే దడులు వరసగా సాగుతున్నాయి. వాటిలో ఒకటి నాన్నది. ఇప్పుడు చూసేవాళ్ళు లేక మట్టలు ఒరిగిపోయాయి.

"కొనుక్కునే సిస్టమ్ అంటే ఏంటో తెలుసా?" అని వజ్దీ ఆ దడుల మధ్యనే నడుములోతు నీళ్ళలో నిలబడి ఒకసారి చెప్పాడు. "ఊరి పెద్ద మనకి అద్దెకిచ్చిన వల. చినిగితే కుట్టుకోకూడదు. ఎట్లా అల్లారో చూడకూడదు. ఇదేమో మన దడి. మట్ట విరిగితే నేనే మారుస్తా. నచ్చకపోతే గుమ్మం అటు తిప్పుతా. పక్కింటివాడు వచ్చి నేర్చుకుంటానంటే రమ్మంటా."

"అయితే డబ్బులెవరిస్తార్రా నీకు?" అని అడిగింది తను.

"అదే కదా చిక్కు" అని నవ్వాడు.

ఆ చిక్కే అతన్ని పడవ ఎక్కించింది. చదువుకు తగ్గ ఉద్యోగం లేదు. పెట్టెడు తెలివి ఉంది, అడిగేవాడు లేడు. పోయే ముందు వారం దలెండాతో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా ఆమెకు దుఃఖం కన్నా ముందు కోపం వస్తుంది. కోపం వచ్చినందుకు సిగ్గేస్తుంది. ఏడేళ్ళుగా ఈ రెండే ఆమెతో కాపురం చేస్తున్నాయి.

బాబ్ దీవాన్ కోట గుమ్మం దాటి పాతబస్తీ సందుల్లోకి వెళ్ళాక, ఇత్తడి సామాన్ల దుకాణం పైన ముంధిర్ గది. మెట్ల మీద కూడా పాత కంప్యూటర్లే. బ్యాంకులు పారేసినవి, ఆస్పత్రులు పారేసినవి. వాటిని తుడిచి, లైనక్స్ ఎక్కించి, కుట్టుపని వాళ్ళకూ ఖురాన్ బడులకూ చదువుకునే పిల్లలకూ అమ్ముతాడు. నలభై దాటకుండానే జుట్టు నెరిసింది అతనికి.

"రా చెల్లీ, రా రా! రమ్లా ముసలాళ్ళు ఎట్లా ఉన్నారు? మొరాయిస్తున్నారా?"

"బాగానే ఉన్నారు అన్నా. మాట్లాడుతున్నారు కూడా."

అతని నవ్వు సగంలో ఆగింది. దలెండా ఫోన్‌లో ఆ వాక్యం ఫొటో చూపించింది. ముంధిర్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"ప్రింటర్‌ది ఇది" అన్నాడు మెల్లగా. "అది ఒకటుందని మర్చిపోయా."

"రాసిందెవరు?"

"పేరు ఉంది కదా."

"పేరు చదవడం నాకూ వచ్చు. రాసిన మనిషెవరని అడుగుతున్నా."

కింద ఇత్తడి పళ్ళెం మీద సుత్తి దెబ్బలు ఒకే లెక్కన పడుతున్నాయి. ముంధిర్ వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు. శబ్దం తగ్గలేదు.

"నేనే" అన్నాడు.

నాలుగు రోజులుగా దలెండా తనకు తాను చెప్పుకుంటూనే ఉంది, నేను నమ్మడం లేదు, అమ్మ కోసమే వెళ్తున్నాను అని. ఆ ఒక్క మాట విన్నాక గానీ తను ఎంత నమ్మిందో ఆమెకు తెలియలేదు. ఏడేళ్ళ కిందట ఫోన్‌లో వార్త విన్నప్పుడు కూడా ఆమె నిలబడే ఉంది. ఇప్పుడు ఒక పాత కంప్యూటర్ పెట్టె మీద కూర్చుండిపోయింది.

"మా అన్న పేరు తొడుక్కుని తిరిగావా ఇన్నాళ్ళూ?" అంది. "చొక్కా అనుకున్నావా అన్నా అది?"

"తిట్టు."

"తిట్టను. చెప్పు."

ముంధిర్ సొరుగు లాగి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన నోట్‌బుక్ ఒకటి తీశాడు. దాన్ని ఆమె ఒళ్ళో పెట్టలేదు, చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టి తను పక్కకు జరిగాడు. దలెండా అట్ట తెరిచింది. ఎడమ వైపు ఇంగ్లిషు మాటలు, కుడి వైపు దీవి మాటలు. వజ్దీ రాత. ప్రతి పంక్తీ చివర కాస్త పైకి లేస్తుంది అతని రాత, ఎవరో పిలిస్తే లేవబోతున్నట్టు.

"గొర్రెలు కాసే ముసలమ్మ కూడా ఈ పెట్టెతో మాట్లాడగలగాలి అనేవాడు" అన్నాడు ముంధిర్. "కొనే సిస్టమ్‌లో అది కుదరదు. మన యాస వాళ్ళకెందుకు? ఇందులో ఎవరైనా కూర్చుని మాట మార్చొచ్చు. ఎవరు ఏ మాట పెట్టారో, ఏ రోజు పెట్టారో ఆ పేజీలో ఉండిపోతుంది. వాడు నోట్‌బుక్ నిండా రాశాడు. లోపలికి ఎక్కించింది పావు వంతే. మిగతాది..."

"ఇది నీ దగ్గరికెట్లా వచ్చింది?"

ముంధిర్ ఖాళీ ప్లాస్టిక్ సంచిని మడతపెట్టసాగాడు.

"పోయేటప్పుడు సంచీతో సహా తీసుకెళ్ళాడు వాడు. ఇంట్లో ఒక్క కాగితం వదల్లేదు. అమ్మా నేనూ అటకలు కూడా వెతికాం. నీ దగ్గరికెట్లా వచ్చింది అన్నా?"

"వాడు పడవెక్కిన రోజు నేనూ రేవులో ఉన్నా."

సుత్తి దెబ్బలు ఆగాయి. సందులో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

"నువ్వు ఆ రోజు స్ఫాక్స్‌లో ఉన్నావు" అంది దలెండా. "పెళ్ళికి వెళ్ళానన్నావు. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, ఖురాన్ మీద చెయ్యి వేసి చెప్పావు."

"అబద్ధం చెప్పా. అల్ అతాయా రేవులో ఉన్నా. ఇద్దరం కలిసే పడవవాడికి డబ్బు కట్టాం. నడుములోతు దాకా నడిచా. నలభై మంది పట్టే పడవలో తొంభై మంది ఉన్నారు చెల్లీ. అంచు నీళ్ళకి జానెడు ఎత్తున ఉంది, అంతే. నా కాళ్ళు రాలేదు. వజ్దీ అప్పటికే ఎక్కేశాడు. నన్ను చూసి నవ్వాడు. ‘పోరా పిరికిపందా, ఇంటికి పో. ఇది పట్టుకెళ్ళు, ఇక్కడ తడుస్తుంది. నేను ఫోన్ చేసేలోపు అయిపోగొట్టు’ అని సంచి విసిరాడు." ముంధిర్ నోట్‌బుక్ వైపు చూశాడు. "నేను వాణ్ణి దిగమనలేదు. ఒక్కసారి అన్నా దిగేవాడేమో. దిగమంటే నా పిరికితనం అందరికీ తెలిసిపోతుందని ఊరుకున్నా."

దలెండా నోట్‌బుక్ పుటలు తిప్పుతూనే ఉంది. నాన్న మాట కనిపించింది. పక్కన వజ్దీ చిన్నగా రాసుకున్నాడు: *నాన్న ఉంటే తిట్టేవాడు.*

"అయిపోగొట్టమన్నాడు, మొదలుపెట్టా. నా పేరు పెడదామనే అనుకున్నా. పెట్టబోతే చేతులాడలేదు. నా పేరు పెడితే వాడి పని అక్కడితో ఆగిపోయినట్టు. వాడి పేరు పెడితే... వారానికో పది మాటలు. తేదీ పడేది. ఆ తేదీ చూసుకుంటే, వాడు ఎక్కడో కూర్చుని పని చేస్తున్నట్టే ఉండేది. మాటలన్నీ వాడివే చెల్లీ. వేళ్ళు మాత్రమే నావి."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే వాణ్ణి నా చేతులతో ముంచినట్టే కదా. రెండోసారి."

దలెండాకు అతన్ని కొట్టాలనిపించింది. అదే క్షణంలో, ఈ నెరిసిన తలవాడు తనలాగే ఏడేళ్ళుగా ఆ పడవ దిగలేదని కూడా అనిపించింది. రెండూ నిజమే. ఏ ఒక్కటీ ఇంకోదాన్ని చల్లార్చలేదు.

"మా అమ్మ నిన్న డాబా మీద వాడి పరుపు ఎండేసింది" అంది. "రేపటి నమాజు ఆపించేసింది. ఊరంతా వచ్చి శుభం చెప్పి పోతున్నారు. ఈ మాట ఆమెకి నన్ను చెప్పమంటావా?"

"వద్దు. నేనే వస్తా. మధ్యాహ్నం ఫెర్రీకి."

"ఖురాన్ మీద చెయ్యి వేసిన సంగతి కూడా చెప్పాలి."

"అదే ముందు చెప్తా."

ఆమె ఫోన్ మోగింది. అమ్మ. దలెండా రెండుసార్లు మోగనిచ్చి ఎత్తింది.

"ఏమన్నాడే ముంధిర్?"

"ఏం లేదమ్మా. వస్తున్నాం. ముంధిర్ అన్న కూడా వస్తున్నాడు నాతో."

అవతల మబ్రూకా గొంతు పడుచుపిల్ల గొంతులా వినిపించింది. "ముంధిర్ కూడా వస్తున్నాడా? అయితే మంచి కబురే. కుస్కుసు ఎక్కువ వండుతా." పెట్టేసింది.

ముంధిర్ విన్నాడు. గోడకు ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

కాసేపటికి లేచి నోట్‌బుక్ మళ్ళీ సంచిలో చుట్టడం మొదలుపెట్టాడు. దలెండా వీపు తిప్పి, కన్నీళ్ళు తుడుచుకుని, ఉన్న చేదంతా కక్కేసినట్టు అంది:

"అన్నీ సరే. మొన్న ఫిబ్రవరిలో కూడా బతికించాలనిపించిందా నీకు? ఇన్నేళ్ళు చాలలేదా?"

"ఏ ఫిబ్రవరి?"

"నటించకు అన్నా."

"ఒట్టు, నాకు అర్థం కాలేదు. నోట్‌బుక్ అయిపోయి మూడేళ్ళు దాటింది. చివరి మాట పెట్టిన రోజు ఏడ్చి బయటికొచ్చా. మళ్ళీ ఆ పేరుతో లోపలికి పోలేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముంధిర్ గబగబా వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పేజీ తెరిచాడు. వజ్దీ పేరు. దాని కింద పని జాబితా. ముంధిర్ చెప్పినట్టే మూడేళ్ళ కిందట వరస ఆగింది. తరవాత రెండేళ్ళకు పైగా ఏమీ లేదు. మళ్ళీ ఈ ఫిబ్రవరిలో నలభై మూడు మాటలు.

"ఇవి నావి కావు" అన్నాడు. "నోట్‌బుక్‌లో లేవు ఇవి. నాకు ప్రతి పుటా నోటికి వచ్చు."

"ఎవడో దొంగ దూరి ఉంటాడు."

"దూరి ఏం దొంగిలించాడు? కెర్కెన్నా యాసలో మాటలు పెట్టి పోయాడా? తాళం మాట, అదే పాస్‌వర్డ్, మీ నాన్న పడవ పేరు. వజ్దీకి తెలుసు, నాకు తెలుసు. అంతే."

దలెండా తెర మీదికి వంగింది. మాటలు దీవివే, కానీ రాత సరిగా లేదు. గుణింతాలు తప్పులు. చెవితో విన్న మాటను అక్షరాలు కొత్తగా నేర్చుకున్నవాళ్ళు రాస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. వెతికిన ఫైలు కనపడనప్పుడు వచ్చే వాక్యం ఒకటుంది. ‘దొరకలేదు’ అని ముంధిర్ పెట్టిన చోట ఎవరో దాన్ని కొట్టేసి, తప్పుల తడకగా ఇలా రాశారు:

"ఇంకా ఒడ్డుకు రాలేదు."

దలెండా దాన్ని రెండోసారి చదివింది. బయట ఎండ మండిపోతోంది.

"చెల్లీ" అన్నాడు ముంధిర్. తెర మూల వేలు చూపించాడు. వజ్దీ పేరు పక్కన, ఇంతకు ముందు లేని చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. ఆ పేరుగల మనిషి ఈ క్షణాన లోపల ఉన్నాడని దానర్థం.

"జరుగు" అంది దలెండా.

"వద్దు. ముందు ఆలోచిద్దాం. అమ్మతో మాట్లాడాక..."

"జరుగు అన్నా!"

అతను లేచాడు. ఆమె కూర్చుంది. ఏం రాయాలి? అన్నా అని రాయాలా? అలా రాస్తే, కాదన్న జవాబు వస్తే తట్టుకోగలదా? పేరు నొక్కి, మాట పంపే గడిలో ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"నువ్వెవరు?"

పంపింది. చుక్క అలాగే వెలుగుతోంది. అవతల ఎవరో రాస్తున్నట్టు గుర్తు కనిపించి, ఆగి, మళ్ళీ కనిపించింది. ముంధిర్ పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి వేడుకుంటూ దుఆ చదువుతున్నాడో, పడవ పేరు తలుచుకుంటున్నాడో.

జవాబు వచ్చింది. అవే తప్పులు, అదే కొత్తగా నేర్చుకున్న రాత.

"ఇది నా భర్త పేరు. తనకు ఎవరూ లేరని చెప్పాడే. నువ్వెవరు?"